ఫలానా పేజీలో నావ్‌బార్ వద్దు: అంత చిన్న పని ఎందుకంత చికాకు పెడుతుంది?

క్లుప్తంగా: వెబ్ యాప్‌లో లాగిన్, పేమెంట్, టికెట్ లాంటి పేజీల్లో పైనుండే నావ్‌బార్‌ను, అంటే లింకుల మెనూ పట్టీని, తీసేయడానికి దారులు చాలానే ఉన్నాయి. పేజీ చిరునామా చూసి దాచేయడం అందరూ మొదట పట్టుకునే దారి, పేజీలు పెరిగేకొద్దీ లెక్క తప్పేదీ అదే. ఏ చిరునామాకి ఏ పేజీ అని రాసుకునే రౌట్ల పట్టికలోనే నావ్‌బార్ ఉన్న లేఅవుట్ (పేజీ చట్రం), లేని లేఅవుట్ అని విడగొట్టుకుంటే సగం తలనొప్పులు పుట్టనే పుట్టవు. పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌తో దాచడం కొన్నిచోట్ల సరిపోతుంది. ఏ దారిలో దాచినా భద్రత మాత్రం దానివల్ల రాదు.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఏఐ హబ్ పెడతామని ప్రకటించిన దగ్గర్నుంచి ఊళ్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్ని ఎవరిని కదిపినా ఏఐ మాటే. కానీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు నడిచే ల్యాబుల్లో, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో, మధురవాడ ఐటీ కొండల మీద కొత్తగా చేరిన ఫ్రెషర్ల సీట్ల దగ్గర గంటలకు గంటలు మింగేస్తున్నవి ఇంకా పాత చిక్కులే. వాటిలో ఒకటి ఈ నావ్‌బార్ గొడవ. యాప్ మొత్తానికి పైన ఒక మెనూ పెట్టారు, బాగానే ఉంది, తీరా లాగిన్ పేజీ తెరిస్తే అక్కడా అదే మెనూ. తీసేద్దామని ఒక షరతు రాస్తే ఒకసారి పోతుంది, ఒకసారి పోదు, రిఫ్రెష్ కొడితే మాత్రం సరిగ్గా ఉంటుంది. రిఫ్రెష్‌తో బాగుపడే బగ్ కాబట్టి డెమో రోజు దాకా ఎవరూ పట్టించుకోరు కూడా.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ కావాలి కాబట్టి, విశాఖ నుంచి అరకు, బొర్రా గుహల టూర్లు బుక్ చేసే వెబ్ యాప్ ఒకటి ఉందనుకుందాం. హోమ్, టూర్ల జాబితా, ఒక్కో టూర్‌కి వివరాల పేజీ, లాగిన్, ఓటీపీ, పేమెంట్, టికెట్, ట్రావెల్స్ వాళ్లకి అడ్మిన్ పేజీలు. కాలేజీ ప్రాజెక్టుల్లో మామూలుగా కనిపించే సరంజామానే ఇది.

### ఎక్కడ తీసేయాలి, ఎక్కడ ఉంచాలి

కోడ్ జోలికి వెళ్లేముందు తేల్చుకోవాల్సింది ఇది. చాలామంది "లాగిన్‌లో నావ్‌బార్ ఉంటే బాగోదు" అన్న చోటే ఆగిపోతారు. అది అందం విషయం మాత్రమే అనుకుంటే పొరపాటు. లాగిన్ కాని మనిషికి "నా బుకింగ్‌లు", "ప్రొఫైల్" అని లింకులు చూపిస్తే వాటిని నొక్కుతారు, యాప్ మళ్లీ లాగిన్‌కే తెచ్చి పడేస్తుంది, ఏం జరిగిందో వాళ్లకి అర్థం కాదు.

పేమెంట్ దగ్గర కారణం ఇంకా గట్టిది. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి చేస్తూ రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన 2009 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. అంటే డబ్బు కట్టే మనిషి మన యాప్ నుంచి చెల్లింపు నడిపించే గేట్‌వేకి, అక్కడి నుంచి బ్యాంకు ఓటీపీ పేజీకి వెళ్లి తిరిగొస్తాడు. బ్యాంకు పేజీలో మన నావ్‌బార్ ఎలాగూ ఉండదు, అది వాళ్ల సైట్. మన చేతిలో ఉన్నవి రెండే: వెళ్లేముందు సరిచూసుకునే పేజీ, తిరిగొచ్చాక "మీ చెల్లింపు పరిశీలిస్తున్నాం" అని చక్రం తిరిగే పేజీ. ఆ రెండో పేజీలో ఎవరైనా కంగారుపడి "హోమ్" నొక్కారనుకోండి, పేజీతోపాటు సర్వర్‌ని పదేపదే అడుగుతున్న కోడ్ కూడా ఆగిపోతుంది. డబ్బు కట్ అవుతుంది, టికెట్ కనిపించదు, ఇక ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్లు మొదలవుతాయి. అక్కడ నావ్‌బార్ తీసేయడం సబబే. అయితే బ్రౌజర్ వెనక్కి బటన్‌ని, ఫోన్‌లో పక్కనుంచి లాగే స్వైప్‌ని నావ్‌బార్ తీసేసి ఆపలేరు. చెల్లింపు ఖరారైందో లేదో గేట్‌వే నేరుగా మన సర్వర్‌కి చెప్పే వెబ్‌హుక్ ఉండి తీరాలి.

టికెట్ పేజీ సంగతి వేరు. అనంతగిరి ఘాట్ ఎక్కాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, చేతిలో చిన్న ఫోన్, ఎదురుగా క్యూఆర్ స్కాన్ చేసే మనిషి. తెర మీద క్యూఆర్ పెద్దగా, తెల్లటి జాగాలో కనిపించాలి. పైన 64 పిక్సెళ్ల నావ్‌బార్, దానిలో కార్ట్ గుర్తు, నోటిఫికేషన్ చుక్క అక్కడ ఎవరికి కావాలి?

ఉంచాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. "పేజీ దొరకలేదు" అనే 404 పేజీలో నావ్‌బార్ తీసేసే అలవాటు చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తుంది, అది తిరగేసిన ఆలోచన. దారి తప్పి వచ్చిన మనిషికే దారి చూపే మెనూ అందరికంటే ఎక్కువ అవసరం. చెల్లింపు విఫలమైన పేజీ కూడా అంతే.

వెబ్ అందరికీ అందుబాటులో ఉండేందుకు వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు ఈ విషయంలో సరళంగానే ఉన్నాయి. ఒక పేజీని చేరడానికి ఒకటి కంటే ఎక్కువ దారులు ఉండాలని చెప్పే 2.4.5 నియమం, ఏదైనా ప్రక్రియలో ఒక మెట్టుగానో దాని ఫలితంగానో వచ్చే పేజీలకి మినహాయింపు ఇస్తుంది. పేమెంట్, ఓటీపీ పేజీలు సరిగ్గా ఆ కోవలోకే వస్తాయి. 3.2.3 నియమం చెప్పేది, పలు పేజీల్లో మళ్లీ మళ్లీ వచ్చే మెనూలో అంశాల వరుస మారకూడదని. కొన్ని పేజీల్లో మెనూ లేకపోవడం తప్పు కాదు, ఒక పేజీలో "టూర్లు" ముందు, ఇంకో పేజీలో "సంప్రదించండి" ముందు ఉంటే తప్పు.

### పాత వెబ్‌లో ఈ చిక్కు లేదు

ఒక్కో పేజీ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలుగా ఉన్న రోజుల్లో మెనూ వద్దంటే ఆ ఫైలులోంచి ఆ వరుసలు తీసేస్తే సరిపోయేది. దానికి మూల్యం వేరే చోట కట్టేవాళ్లు: మెనూలో ఒక లింకు మారితే నలభై ఫైళ్లు మార్చాలి. ఆ బాధ తప్పించుకోవడానికి 90ల మధ్యలో నెట్‌స్కేప్ ఫ్రేములు తెచ్చింది. మెనూ ఒక ఫ్రేములో కదలకుండా ఉంటుంది, పక్క ఫ్రేములో పేజీలు మారుతుంటాయి. కానీ లోపల ఏ పేజీ తెరిచినా పైన చిరునామా మారేది కాదు, బుక్‌మార్క్ చేసుకుంటే మళ్లీ మొదటి పేజీకే వెళ్లేది. హెచ్‌టీఎంఎల్5 వచ్చాక ఆ ఫ్రేమ్‌సెట్ పద్ధతిని పక్కన పెట్టేశారు.

తర్వాత ఒకే మెనూ ఫైలుని అన్ని పేజీల్లో కలిపే పీహెచ్‌పీ ఇన్‌క్లూడ్‌లు, ఆపైన జాంగో లాంటి సర్వర్ ఫ్రేమ్‌వర్క్‌లలో తల్లి పేజీ నుంచి మిగతా పేజీలు తయారయ్యే టెంప్లేట్ వారసత్వం. జాంగోలో బేస్ టెంప్లేట్‌లో "నావ్‌బార్" అనే బ్లాక్ పెట్టి, లాగిన్ టెంప్లేట్‌లో అదే బ్లాక్‌ని ఖాళీగా రాస్తే పని అయిపోతుంది. షరతు లేదు, చిరునామా చూసుకోవడం లేదు. ప్రతి క్లిక్‌కీ సర్వర్ కొత్త పేజీని మొదట్నుంచి తయారు చేసి పంపుతుంది కాబట్టి పాత పేజీ మెనూ కొత్త పేజీలోకి వచ్చే ప్రశ్నే లేదు.

2013లో ఫేస్‌బుక్ రియాక్ట్‌ని బయటికి వదిలాక, ఇలాంటి లైబ్రరీలతో సింగిల్ పేజీ యాప్‌లు మామూలైపోయాక లెక్క తిరగబడింది. ఇక్కడ నిజానికి ఉన్నది ఒకే పేజీ. బ్రౌజర్ దాన్ని ఒక్కసారే లోడ్ చేస్తుంది, తర్వాత జావాస్క్రిప్ట్ లోపలి భాగాలు మారుస్తూ పైన చిరునామా కూడా మారుస్తుంది. నావ్‌బార్ ఒకసారి పెడితే అలాగే ఉంటుంది. అదే దాని సుగుణం, క్లిక్ చేసినప్పుడల్లా మెనూ మళ్లీ లోడ్ కాదు. ఇక్కడ చిక్కు కూడా అక్కడి నుంచే.

### చిరునామా చూసి దాచడం ఎక్కడ తేడా కొడుతుంది

కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట రాసేది దాదాపు ఒకటే. యాప్ ఫైలులో, విండో డాట్ లొకేషన్‌లోని పాత్‌నేమ్ "/లాగిన్" కాకపోతేనే నావ్‌బార్ చూపించు అని. మొదటిసారి పేజీ తెరిస్తే పనిచేస్తుంది. హోమ్ నుంచి లింకు నొక్కి లాగిన్‌కి వెళ్తే మాత్రం నావ్‌బార్ అలాగే వేలాడుతూ ఉంటుంది.

కారణం బ్రౌజర్‌లో ఉంది. రౌటర్ (చిరునామాని బట్టి పేజీ మార్చే లైబ్రరీ) లింకు నొక్కినప్పుడు హిస్టరీ ఏపీఐలోని పుష్‌స్టేట్ అనే ఫంక్షన్ నడుస్తుంది. అది చిరునామా గీతలో అక్షరాలు మారుస్తుంది, పేజీని రీలోడ్ చేయదు, పైగా "నేను చిరునామా మార్చాను" అని ఎవరికీ కబురు పెట్టదు. పాప్‌స్టేట్ అనే ఈవెంట్ ఉందిగా అనొచ్చు, అది వెనక్కి, ముందుకి బటన్లు నొక్కినప్పుడు వచ్చేది, పుష్‌స్టేట్‌కి రాదు. కాబట్టి విండో లొకేషన్ విలువ మారినా రియాక్ట్‌కి తెలియదు. తెలియకపోతే యాప్ కాంపొనెంట్‌ని (తెర మీది భాగాన్ని గీసే కోడ్ ముక్కని) మళ్లీ రెండర్ చేయదు, అంటే మళ్లీ గీయదు. షరతు మళ్లీ చదవనప్పుడు నావ్‌బార్ పోయేదెలా? రిఫ్రెష్ కొడితే అంతా మొదట్నుంచి నడుస్తుంది గనక అప్పుడు సరిగ్గా కనిపిస్తుంది.

దీనికి మందు యూజ్‌లొకేషన్ హుక్ (హుక్ అంటే కాంపొనెంట్‌లో పిలిచే రియాక్ట్ ఫంక్షన్). రియాక్ట్ రౌటర్ 5.1 నుంచి ఉంది. చిరునామా మారిన కబురు రౌటర్ దగ్గర ఉంటుంది, ఈ హుక్ ఆ కబురు అందుకుని కాంపొనెంట్‌ని మళ్లీ రెండర్ చేయిస్తుంది. ఇక్కడే రెండో గుంట. ఆ హుక్‌ని బ్రౌజర్ రౌటర్ ఏ కాంపొనెంట్‌లో ఉందో అదే కాంపొనెంట్ పైన వాడితే, రౌటర్ సందర్భంలోనే దీన్ని వాడాలి అని ఎర్రటి ఎర్రర్ వస్తుంది. రౌటర్ ట్యాగు కింద ఉన్న కాంపొనెంట్లకే ఆ కబురు అందుతుంది. రౌటర్‌ని ఇంకో మెట్టు పైకి, మెయిన్ ఫైలులోకి జరిపితే తీరిపోతుంది. ఈ ఎర్రర్ చూసి లైబ్రరీ వెర్షన్లు మార్చుకుంటూ ఒక పూట పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

సరే, హుక్ పనిచేసింది. ఇప్పుడు అసలు బలహీనత బయటపడుతుంది. దాచాల్సిన చిరునామాల జాబితా ఒకటి రాసుకుంటారు: లాగిన్, సైన్అప్, ఓటీపీ, పేమెంట్. పేమెంట్ చిరునామాలో బుకింగ్ నంబర్ వస్తుంది, కాబట్టి అచ్చంగా సమానమా అని చూస్తే కుదరదు. "పేమెంట్ అనే మాట అందులో ఉందా" అని మారుస్తారు. అప్పుడు "/సహాయం/పేమెంట్-సందేహాలు" పేజీలో కూడా నావ్‌బార్ మాయం. ఇంకో వింత ఏమిటంటే, రియాక్ట్ రౌటర్ 6 రౌట్‌ని పోల్చేటప్పుడు చివరి స్లాష్‌ని పట్టించుకోదు, మనం అడిగితే తప్ప క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా కూడా చూడదు. జావాస్క్రిప్ట్‌లో రెండు మాటల్ని పోల్చే గుర్తు మాత్రం రెండూ చూస్తుంది. అంటే ఎవరైనా చివర స్లాష్ పెట్టి లాగిన్ తెరిస్తే లాగిన్ పేజీ చక్కగా వస్తుంది, దాని నెత్తిన నావ్‌బార్ కూడా వస్తుంది. రౌటర్ ఒక లెక్క చూస్తోంది, మన షరతు ఇంకో లెక్క చూస్తోంది, రెండూ కలవాలని ఎక్కడా రాసి లేదు. గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టినప్పుడు చిరునామా ముందు ప్రాజెక్టు పేరు కూడా చేరుతుంది. రౌటర్‌కి ఆ పేరుని బేస్‌నేమ్‌గా చెబితే యూజ్‌లొకేషన్ దాన్ని తీసేసి ఇస్తుంది, విండో లొకేషన్ తీయదు. లోకల్‌హోస్ట్‌లో పనిచేసింది, డెప్లాయ్ చేశాక చెడింది అనే ఫిర్యాదుల్లో ఇదొక రకం.

404 పేజీకి ప్రత్యేక రూపం కావాలంటే ఈ జాబితాతో అసలు సాధ్యం కాదు. దొరకని పేజీకి చిరునామా ఏదైనా కావచ్చు, దేన్ని రాస్తారు?

### షరతు లోపలా, బయటా

జాబితా పద్ధతే వాడినా, షరతు ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది, దీన్ని ఎక్కువమంది గమనించరు. నావ్‌బార్ కాంపొనెంట్ లోపలే "ఈ పేజీ అయితే నల్ (ఏమీ లేదు) తిప్పి పంపు" అని రాస్తే తెర మీద మెనూ పోతుంది, కాంపొనెంట్ మాత్రం బతికే ఉంటుంది. దానిలో పెట్టిన నోటిఫికేషన్ టైమర్ లాగిన్ పేజీలో కూడా సర్వర్‌ని అడుగుతూనే ఉంటుంది, లాగిన్ కాలేదు కాబట్టి ప్రతిసారీ అదే చెప్పే 401 ఎర్రర్ తెచ్చుకుంటుంది. కన్సోల్ నిండా ఎర్ర గీతలు. బయట, అంటే యాప్‌లో షరతు పెట్టి నావ్‌బార్‌నే రెండర్ చేయకపోతే కాంపొనెంట్ పూర్తిగా పోతుంది, టైమర్‌ని శుభ్రం చేసే కోడ్ రాసి ఉంటే అదీ ఆగుతుంది, కానీ సెర్చ్ పెట్టెలో సగం టైప్ చేసిన మాట కూడా పోతుంది.

లోపల రాసేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. నల్ తిప్పే వరుసని మిగతా హుక్‌ల కంటే పైన రాస్తే, ఒక పేజీలో ఐదు హుక్‌లు, ఇంకో పేజీలో ఒకటి నడుస్తాయి. రియాక్ట్ హుక్‌లని వరుసని బట్టే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి, అనుకున్నదానికంటే తక్కువ హుక్‌లు వచ్చాయని యాప్ మొత్తం పడిపోతుంది. హుక్‌లన్నీ పైన, తిప్పి పంపే వరుస వాటి కింద. ఇందులో మినహాయింపు లేదు.

### లేఅవుట్ రౌట్లు: నిర్ణయం పట్టికలోకి వెళ్లాలి

పైన చెప్పిన గొడవలన్నిటికీ మూలం ఒకటే. ఏ పేజీ ఏమిటో తెలిసినది రౌట్ల పట్టిక. నావ్‌బార్‌కి ఆ సంగతి తెలియదు, చిరునామా అక్షరాలు చూసి ఊహించుకుంటోంది. ఊహ అవసరం లేకుండా చేస్తే సరి.

2021 నవంబరులో వచ్చిన రియాక్ట్ రౌటర్ 6 దీన్ని తేలిక చేసింది. పాత్ లేని ఒక తల్లి రౌట్ రాయొచ్చు. దాని ఎలిమెంట్‌గా "మెయిన్ లేఅవుట్" పెడతారు. ఆ లేఅవుట్‌లో పైన నావ్‌బార్, దాని కింద అవుట్‌లెట్ అనే ఖాళీ జాగా, కావాలంటే అడుగున ఫుటర్. హోమ్, టూర్లు, టూర్ వివరాలు, నా బుకింగ్‌లు, 404, ఇవన్నీ ఆ తల్లి కింద పిల్లలు. లాగిన్, ఓటీపీ, పేమెంట్ పేజీల్ని ఇంకో తల్లి కింద పెడతారు, ఆ లేఅవుట్‌లో లోగో, "వెనక్కి" అనే ఒక్క లింకు తప్ప ఏమీ ఉండదు. టికెట్ పేజీకి తల్లే లేదు. ఇక ఎక్కడా ఇఫ్ లేదు, జాబితా లేదు. కొత్త పేజీ చేర్చేవాళ్లు దాన్ని ఎవరి కింద పెట్టాలో అప్పుడే తేల్చుకోవాలి, మర్చిపోవడానికి వీలుండదు.

పాత్ లేకపోవడం వల్ల చిరునామాలో అదనంగా ఏమీ చేరదు. ఒకే లేఅవుట్ కింద ఉన్న పేజీల మధ్య తిరిగినంతసేపు నావ్‌బార్ అలాగే ఉంటుంది, మళ్లీ పుట్టదు. ఒక లేఅవుట్ నుంచి ఇంకోదానికి వెళ్తే పాతది పోయి కొత్తది వస్తుంది. నావ్‌బార్‌లోని సమాచారం అప్పుడు కూడా నిలవాలంటే, అంటే కార్ట్‌లో ఎన్ని టూర్లు ఉన్నాయన్న అంకె లాంటిది, దాన్ని నావ్‌బార్‌లో కాకుండా పైన, అన్ని కాంపొనెంట్లూ చదవగల కాంటెక్స్ట్‌లోనో స్టోర్‌లోనో పెట్టాలి. నిజానికి అది ఎప్పుడూ అక్కడే ఉండాల్సింది.

మరి ఒక్క టూర్ల జాబితాలో మెనూ ఉండి, మ్యాప్ వ్యూలో మాత్రం వద్దంటే? అలాంటి ఒకటి రెండు చోట్ల కోసం మూడో లేఅవుట్ అనవసరం. 6.4 వెర్షన్ నుంచి, బ్రౌజర్ రౌటర్ ట్యాగుకి బదులు క్రియేట్‌బ్రౌజర్‌రౌటర్ వాడితే, రౌట్‌కి హ్యాండిల్ అనే జాగాలో మనకి కావాల్సిన గుర్తు పెట్టుకుని, యూజ్‌మ్యాచెస్‌తో లేఅవుట్‌లో చదువుకోవచ్చు. నిర్ణయం ఇప్పుడు కూడా పట్టికలోనే ఉంది చూడండి.

### వ్యూ, యాంగ్యులర్, నెక్స్ట్‌లో

రియాక్ట్‌లాగే వెబ్ యాప్‌లు రాయడానికి వాడేవే వ్యూ, యాంగ్యులర్. వ్యూ రౌటర్‌లో ప్రతి రౌట్‌కి మెటా అనే జాగా ఉంటుంది, అందులో "నావ్‌బార్ వద్దు" అని ట్రూ పెడితే యాప్‌లో చదువుకోవచ్చు. యాంగ్యులర్‌లో అదే పని రౌట్ డేటా చేస్తుంది, నావిగేషన్ ఎండ్ ఈవెంట్ వచ్చాక చదవాలి. దారిమళ్లింపులు ఉంటే ఆ ఈవెంట్‌లో మళ్లింపు తర్వాతి చిరునామానే చూడాలి, లేకపోతే అడిగిన పేజీ లెక్కలోకి వస్తుంది, చేరిన పేజీ రాదు.

రియాక్ట్ మీద కట్టిన నెక్స్ట్ జేఎస్ యాప్ రౌటర్‌లో ఇది ఫోల్డర్ల పని. 2023 మేలో 13.4తో అది స్థిరపడింది. ఫోల్డర్ పేరుని గుండ్రటి బ్రాకెట్లలో పెడితే అది రౌట్ గ్రూప్, చిరునామాలో కనిపించదు. నావ్‌బార్ ఉన్న గ్రూప్‌కి ఒక లేఅవుట్ ఫైలు, లేని గ్రూప్‌కి ఇంకోటి. ఇక్కడ చాలామంది చేసేది, రూట్ లేఅవుట్‌లోనే నావ్‌బార్ పెట్టేసి తర్వాత తీయడానికి తంటాలు పడటం. పేజీలు మారినప్పుడు లేఅవుట్ మళ్లీ రెండర్ కాదు, సర్వర్‌లో నడిచే లేఅవుట్‌కి పాత్‌నేమ్ అందదు, అది ఆ డిజైన్‌లో కావాలని పెట్టినదే. యూజ్‌పాత్‌నేమ్ వాడాలంటే నావ్‌బార్‌ని బ్రౌజర్‌లో నడిచే క్లయింట్ కాంపొనెంట్ చేయాలి. రూట్‌లో హెచ్‌టీఎంఎల్, బాడీ ట్యాగులు మాత్రమే ఉంచి నావ్‌బార్‌ని గ్రూప్ లేఅవుట్‌లోకి దించితే ఇవేవీ అక్కర్లేదు. రూట్ లేఅవుట్లే రెండు పెట్టుకోవచ్చు కూడా, కాకపోతే ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు పేజీ పూర్తిగా రీలోడ్ అవుతుంది.

### సీఎస్ఎస్‌తో దాచితే

కోడ్ మార్చే అధికారం లేని చోట, అంటే పాత టెంప్లేట్ యాప్‌లోనో, ఎవరో రాసి వదిలేసిన అడ్మిన్ థీమ్‌లోనో, సీఎస్ఎస్ ఆదుకుంటుంది. ఇప్పుడు హ్యాజ్ సెలెక్టర్ అన్ని ప్రధాన బ్రౌజర్లలో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో చివరిగా 2023 డిసెంబరులో వచ్చింది. బాడీ లోపల లాగిన్ ఫారం ఉంటే నావ్‌బార్‌ని చూపించకు అని ఒక్క వరుసలో రాసేయొచ్చు.

దేనితో దాచుతున్నారన్నది చూసుకోవాలి. డిస్‌ప్లే నన్ పెడితే జాగా పోతుంది, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి కూడా కనిపించదు. విజిబిలిటీ హిడెన్ అయితే మెనూ పోతుంది, ఖాళీ జాగా అలాగే మిగులుతుంది. ఒపాసిటీ సున్నా పెట్టడం, తెర బయటికి జరపడం ప్రమాదకరం. కంటికి కనిపించవు గానీ లింకులు అక్కడే ఉంటాయి, ట్యాబ్ నొక్కుతూ వెళ్లే మనిషి ఫోకస్ ఎటో కనిపించని చోటికి పోతుంది, ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ వాడే మనిషికి లేని మెనూ అంతా చదివి వినిపిస్తుంది. యానిమేషన్ కోసం అలా చేయక తప్పదంటే ఇనర్ట్ అనే లక్షణం జతచేయాలి.

దాచాక మిగిలే ఖాళీ గురించి. నావ్‌బార్‌కి పొజిషన్ ఫిక్స్‌డ్ ఇచ్చి, దాని కింద పేజీ దాక్కోకుండా బాడీకి పైన 64 పిక్సెళ్ల ప్యాడింగ్ ఇవ్వడం మామూలు. నావ్‌బార్ తీసేసినా ఆ ప్యాడింగ్ ఎక్కడికీ పోదు. లాగిన్ పెట్టె తెర మధ్యలో రాకుండా కాస్త కిందికి జారి ఉంటే అనుమానం అక్కడే పెట్టుకోవాలి. ప్యాడింగ్‌ని బాడీకి ఇవ్వకుండా మెయిన్ లేఅవుట్‌కి ఇస్తే, లేఅవుట్‌తో పాటే అదీ పోతుంది.

ప్రింట్ విషయంలో మాత్రం సీఎస్ఎస్సే సరైన దారి. నా బుకింగ్‌లు లాంటి నావ్‌బార్ ఉన్న పేజీని ప్రింట్ తీసుకునేవాళ్లకి మీడియా ప్రింట్ కింద నావ్‌బార్‌ని డిస్‌ప్లే నన్ చేస్తే చాలు, దానికి జావాస్క్రిప్ట్ ముట్టుకోనవసరం లేదు.

### ఒక్క క్షణం మెరిసి మాయమయ్యే నావ్‌బార్

లాగిన్ పేజీ తెరవగానే నావ్‌బార్ ఇలా కనిపించి అలా పోతుంది. వేగమైన ల్యాప్‌టాప్‌లో తెలియదు, మామూలు ఫోన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. వ్యూ రౌటర్ 4లో దీనికి తెలిసిన కారణం ఉంది: మొదటి నావిగేషన్ కాస్త ఆలస్యంగా ముగుస్తుంది, అప్పటిదాకా ప్రస్తుత రౌట్ అనేది మెటా ఖాళీగా ఉన్న ఒక ఆరంభ రౌట్. "వద్దు" అన్న గుర్తు అందులో లేదు గనక నావ్‌బార్ వచ్చేస్తుంది. రౌటర్ సిద్ధమయ్యేదాకా ఆగి ఆ తర్వాత యాప్‌ని పేజీలో మౌంట్ చేస్తే (పెడితే) పోతుంది.

రియాక్ట్‌లో మెరుపు ఎక్కువగా లాగిన్ తనిఖీ వల్ల వస్తుంది. యూజర్ ఉన్నాడా లేడా అన్నదాన్ని ట్రూ, ఫాల్స్ రెండే స్థితులుగా పెట్టుకుంటే, సర్వర్ జవాబు వచ్చేలోపు "లేడు" అన్నట్టే యాప్ నడుచుకుంటుంది. ఇంకా తెలియదు అనే మూడో స్థితి ఉండాలి, ఆ కాసేపు నావ్‌బార్ జాగా ఖాళీగా ఉంచాలి. జాగా కూడా వదలకపోతే మెనూ వచ్చినప్పుడు పేజీ అంతా కిందికి ఎగిరిపడుతుంది. గూగుల్ కొలిచే కోర్ వెబ్ వైటల్స్‌లో ఈ ఎగిరిపాటుకి సీఎల్ఎస్ అని ఒక అంకె ఉంది, అది 0.1 లోపు ఉంటేనే బాగున్నట్టు.

### కనిపించకపోవడం వేరు, తాళం వేరు

అడ్మిన్ లింకులు మామూలు యూజర్‌కి కనిపించకుండా చేసి, యాప్ భద్రంగా ఉందనుకోవడం చాలా ప్రాజెక్టుల్లో ఉంది. తలుపుకి పరదా వేసినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు. చిరునామా గీతలో అడ్మిన్ పాత్ టైప్ చేస్తే పేజీ తెరుచుకుంటుంది. పేజీని రౌట్ గార్డ్‌తో అడ్డుకున్నా, బ్రౌజర్‌కి వచ్చిన జావాస్క్రిప్ట్‌లో సర్వర్‌ని పిలిచే ఏపీఐ చిరునామాలన్నీ చదువుకోవచ్చు, నేరుగా పిలవొచ్చు. వెబ్ భద్రత మీద పనిచేసే సంస్థ ఓవాస్ప్ 2021లో విడుదల చేసిన టాప్ 10 ముప్పుల జాబితాలో యాక్సెస్ నియంత్రణ లోపాలు మొదటి స్థానంలో ఉన్నాయి, 2017 జాబితాలో అవి ఐదో స్థానం. ప్రతి ఏపీఐ పిలుపు దగ్గర సర్వర్ ఈ మనిషికి ఈ పని చేసే హక్కు ఉందా అని అడగాలి. నావ్‌బార్‌లో లింకు ఉండటం, లేకపోవడం చూసేవాళ్ల సౌకర్యానికి మాత్రమే.

### ఫోన్ యాప్‌ల దగ్గర

ఫోన్ యాప్‌లు రాయడానికి వాడే ఫ్లటర్‌లో ఇదే ప్రశ్న కింది బార్ గురించి వస్తుంది. దాని రౌటర్ లైబ్రరీ గో రౌటర్‌లోని షెల్ రౌట్ పైన చెప్పిన లేఅవుట్ లాంటిదే. షెల్ లోపలి పేజీకి బార్ వద్దంటే పేరెంట్ నావిగేటర్ కీగా రూట్ కీ ఇస్తే, ఆ పేజీ షెల్ మీదుగా తెర మొత్తం పరుచుకుంటుంది.

వెబ్ యాప్‌నే ఆండ్రాయిడ్ యాప్‌లో వెబ్‌వ్యూ (లోపల వెబ్ పేజీ చూపించే కిటికీ) పెట్టి చూపిస్తే రెండు బార్లు వస్తాయి, యాప్‌ది ఒకటి, వెబ్‌ది ఒకటి. చిరునామా చివర ఒక క్వెరీ గుర్తు పెట్టి వెబ్ బార్‌ని తీసేస్తారు, కానీ లోపల మొదటి లింకు నొక్కగానే ఆ గుర్తు పోతుంది, బార్ తిరిగొస్తుంది. గుర్తుని మొదటిసారి చూసినప్పుడే సెషన్ స్టోరేజ్‌లో రాసిపెట్టుకోవాలి, లేదా యాప్ తన యూజర్ ఏజెంట్‌లోనే (తానెవరో సర్వర్‌కి చెప్పుకునే వరుసలోనే) ఒక మాట చేర్చి పంపాలి.

### ఇప్పటికే జాబితాతో రాసేసిన ప్రాజెక్టు ఉంటే

మొత్తం తిరగరాయాల్సిన పని లేదు. యాప్‌లో నావ్‌బార్ ఉన్న వరుసని, దాని ఫుటర్‌ని కొత్త లేఅవుట్ ఫైలులోకి కోసి పెట్టి మధ్యలో అవుట్‌లెట్ రాయాలి. రౌట్లన్నిటినీ ముందు ఆ ఒక్క లేఅవుట్ కిందే పెట్టి, ఏమీ మారలేదని చూసుకోవాలి. తర్వాత జాబితాలో ఉన్న పేజీల్ని ఒక్కొక్కటిగా బయటికి జరుపుతూ, జరిపినదాన్ని జాబితాలోంచి కొట్టేయాలి. జాబితా ఖాళీ అయ్యాక షరతు తీసేయొచ్చు, విండో లొకేషన్ కోసం ఫైళ్లన్నీ ఒకసారి వెతికితే ఎవరో ఫుటర్‌లోనో చాట్ బటన్‌లోనో ఇదే జాబితాని నకలు కొట్టి పెట్టినది కూడా బయటపడుతుంది.

పరీక్షించేటప్పుడు రిఫ్రెష్ కొట్టి చూస్తే లాభం లేదు, ఆ బగ్ రిఫ్రెష్‌తోనే దాక్కుంటుంది. హోమ్ నుంచి లింకు నొక్కి లాగిన్‌కి, అక్కడి నుంచి వెనక్కి బటన్‌తో హోమ్‌కి, మళ్లీ ముందుకి. చివర స్లాష్ పెట్టి ఒకసారి, బుకింగ్ నంబర్‌తో పేమెంట్ పేజీ నేరుగా తెరిచి ఒకసారి, నోటికొచ్చిన చిరునామా కొట్టి 404లో మెనూ ఉందో లేదో ఒకసారి. మౌస్ వదిలేసి ట్యాబ్ కీతో లాగిన్ ఫారం దాకా వెళ్లి, మధ్యలో ఫోకస్ ఎక్కడా మాయం కావట్లేదని కూడా చూడాలి.